మునెమ్మక్క వినని ఆఖరి వారం

మా మనవరాలు నిత్యకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తమిళమైతే గబగబా చదివేస్తుంది. తిరువళ్లూరులో మా అమ్మాయి ఇంట్లో నేనుండే గదికి సాయంత్రం వచ్చి, కిటికీ పక్కన కూర్చుని, ఫోనులో ఎవరో చదివే తమిళ నవల నాకు కూడా వినబడేలా పెడుతుంది. నా కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి ఆ పిల్ల నాకు చేస్తున్న సేవ ఇది. దేవుడు దాన్ని చల్లగా చూడాలి. ఈ మధ్య వింటున్నది ఒక చిన్న ఊరి కథ. బడికి పోయిన పిల్ల ఇంటికి రాదు. ఆ వీధి చివర ఒంటరిగా ఉంటూ పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచరమ్మ మీద ఊరికి అనుమానం. ఆమె మనసులో అనుకునేవి కూడా వినిపిస్తాడు రాసినాయన, కానీ సగమే. చేసిందో లేదో మనకు తేలదు. వారానికి ఒక భాగం.

మొన్న భాగం అయిపోయాక, కింద జనం రాసినవి చదవమంటావా అని అడిగింది నిత్య. మంగళవారం సుబ్రహ్మణ్యస్వామి పటానికని నేను కనకాంబరాలు కడుతున్నాను. చదవమన్నాను. టీచరే చేసిందని ఒకరు రాశారు. ఆమె తలుపు వేసుకునే తీరులోనే తెలిసిపోతోందని ఇంకొకరు. మూడోది చదువుతూ నిత్య నవ్వింది. "మా వీధిలో అచ్చం ఇట్లాంటి ఆమె ఒకరు ఉన్నారు, ఇన్నాళ్లూ నాకు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది" అని ఎవరో రాశారట. కడుతున్న దండ ఒళ్లో పెట్టేశాను. ఏమైంది అవ్వా అని అడిగితే ఏమీ లేదన్నాను. ఉన్నది చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి, ఆ పిల్లకు చదువుకునే వేళ అయింది. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది తిరుత్తణికి అవతల, ఆంధ్రా సరిహద్దు వైపు ఉన్న ఒక నేతగాళ్ల వీధి. రెండు వరసల ఇళ్లు, మధ్యలో పడుగు, అంటే చీరకు నిలువుగా పోయే పోగులు, సాగదీయడానికి సరిపడా పొడుగున్న మట్టి వీధి. ఇళ్లలో తెలుగు, బస్సులోనూ అంగట్లోనూ తమిళం. మా వీధికి ఒక వాసన ఉండేది, నూలుకు పెట్టే పులిసిన గంజిది. పెళ్లయి వచ్చాక ఎక్కడ అన్నం గంజి వార్చినా నాకు మా తాత గుర్తొచ్చేవాడు. నన్ను బడికి పంపలేదు. నూలు కండెలు చుట్టడానికి ఇంట్లో ఒక చెయ్యి తక్కువగా ఉండేది, పైగా బడి తమిళ బడి. అందుకని తాతే నాకు అక్షరాలు నేర్పాడు. గంజి కోసం మా అవ్వ జల్లించి పెట్టిన పిండి చేటలో వేలితో రాయించేవాడు. ఒక అక్షరం సరిగ్గా వస్తే చేటను ఒకసారి విదిలించి ఇంకొకటి. అవ్వ సణిగేది, పిండంతా చదువుకే పోతాండాదని. ఆ చేటకూ, ఆ తాతకూ నేను రుణపడ్డాను. తీర్చే దారి లేదు, తలుచుకుని దండం పెట్టుకోవడమే.

తాత శుక్రవారం నాడు నేసిన చీరలు తీసుకుని తిరుత్తణి పోయేవాడు. షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని, బస్టాండు అంగట్లో ఒక తెలుగు వారపత్రిక కొని, నూలు కట్టలో దూర్చి తెచ్చేవాడు. కట్ట విప్పగానే పత్రిక నూలు వాసన వేసేది. అందులో ఒక సీరియల్. మా వీధిలో తెలుగు చదివేది తాతా నేనూ ఇద్దరమే, తాతకు దగ్గు. అందుకని శనివారం మధ్యాహ్నం అన్నాలు తిని మగ్గాలు కాసేపు ఆగిన వేళ మా తిన్నె మీద నేను చదివేదాన్ని, వీధి ఆడవాళ్లంతా రాట్నాలు తెచ్చుకుని కండెలు చుడుతూ వినేవాళ్లు. నాకప్పుడు ఇంకా లంగా జాకెట్టే. నా నోటి నుంచి వచ్చే మాట కోసం పెద్దవాళ్లంతా ఎదురుచూస్తుంటే గర్వంగా ఉండేది.

ఆ సీరియల్ ఒక చిన్న బస్తీ కథ. సుభద్ర అనే ఆమె మొగుడు సంతకని పోయి తిరిగి రాడు. ఊరికి పోయాడని సుభద్ర అందరికీ చెబుతుంది. పెరట్లో ఒక గది, దానికి తాళం. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి చూస్తూ ఉంటారు. సుభద్ర తనలో తాను మాట్లాడుకుంటుంది, ఆ మాటలు ఒకసారి ఏడుపులా ఉంటాయి, ఒకసారి బెదిరింపులా ఉంటాయి. మా వీధి వాళ్లు ఆ కథను ఊరికే వినలేదు, దానితో కాపురం చేశారు. ఎదురింటి కామాక్షత్త నోరు చాలా పెద్దది. "ఏం పాపా, ఆ గదిలో ఏముండాదో ఈ వారమన్నా చెప్తాడా, మనల్ని ఏడిపించేదానికే రాస్తాండాడా?" అని నేను పత్రిక తెరవక ముందే మొదలుపెట్టేది. మా అవ్వ మాత్రం సుభద్రకు బుద్ధులు చెప్పేది. తాళం తీసి చూపిస్తే పోయేదానికి ఎందుకే ఈ మంకు, అని పత్రికలోని బొమ్మ వైపు చూసి అనేది.

వినేవాళ్లలో అందరికన్నా ముందొచ్చి కూర్చునేది మునెమ్మక్క. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. పిల్లలు లేరు. ఆమె మొగుడు చీరల మూట ఎత్తుకుని ఆంధ్రా వైపు అమ్మడానికి పోయి, అప్పటికి చాలా రోజులుగా రాలేదు. అడిగితే "వస్తాడు" అనేది, అంతే. వాళ్లింట్లో రెండు మగ్గాలు. మొగుడు లేకపోయినా ఆమె ఒక మగ్గం మీద తానే నేసేది. నాకు ఎప్పుడూ వేయించిన శనగలు తెచ్చి, చదివి నోరెండిపోయిందని చేతిలో పోసేది. సుభద్ర అంటే ఆమెకు ప్రాణం. "పావం ఆ యమ్మ. తలుపు మూసుకుంటే ఒక మాట, తెరిస్తే ఒక మాట" అని కళ్లు తుడుచుకునేది. తన కథే అది అని ఆమెకు తోచలేదు. అప్పటికి మాకెవరికీ తోచలేదు.

ఒక శనివారం నాడు తోచింది. ఆ వారం భాగంలో పక్కింటి ఆమె పెరటి గది కిటికీ సందులోంచి లోపలికి చూస్తుంది. లోపల సామాను ఏమీ ఉండదు. నేల మాత్రం ఒక చోట కొత్తగా పూడ్చి, పేడతో అలికి ఉంటుంది. నేను ఆ వాక్యం చదివాను. రాట్నాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కథ పట్టుకుందనుకుని నేను గొంతు ఇంకా పెంచాను. తలెత్తి చూస్తే ఎవరూ నన్ను చూడటం లేదు, అందరూ మునెమ్మక్కను చూస్తున్నారు. ఆమె రాట్నం ఒక్కటే తిరుగుతోంది. కాసేపటికి అదీ ఆగింది. కారణం ఏమిటంటే, అంతకు కొన్నాళ్ల ముందే మునెమ్మక్క తన మొగుడి మగ్గం విప్పి, ఆ మగ్గం గుంట మట్టితో పూడ్చి పైన అలికింది. మగ్గం గుంట అంటే నేతగాడు కాళ్లు దించుకుని కూర్చునే చోటు. మాలో మనిషి పోయినా గుంట పూడ్చరు, కొడుకో అల్లుడో దిగుతాడని ఉంచుతారు. ఆమె పూడ్చినప్పుడే వీధి ముక్కున వేలేసుకుంది కానీ, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు కథ జవాబు చెప్పినట్టయింది.

ఆమె రాట్నం చంకన పెట్టుకుని వెళ్లిపోయాక కామాక్షత్త గొంతు తగ్గించి అంది. "రాసేటోడు ఊరికే సుమ్మా రాస్తాడా? చూసినోడే రాస్తాడు." ఎవరు చూశారు అంటే దానికీ జవాబు దొరికింది. పోయిన ఎండాకాలంలో కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన గుడ్డసంచి తగిలించుకుని చీరల అంచులు చూడటానికి మా వీధికి వచ్చాడు. ఎండకు తాళలేక మునెమ్మక్క తిన్నె మీద కూర్చుని మజ్జిగ తాగాడు. ఆయన ఏదో చిన్న కాగితం మీద రాసుకోవడం చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అంచుల బొమ్మలు వేసుకున్నాడని తాత చెప్పినా వినలేదు. ఆ సీరియల్ రాసింది ఆయనే, మజ్జిగ తాగుతూ లోపలి గది చూశాడు, పేరు మార్చి రాశాడు. ఆ సాయంత్రానికి వీధి కొస నుంచి కొస దాకా అది నిజమైపోయింది. ఆ పత్రిక అచ్చయ్యే ఊరు ఎక్కడో, మా వీధి ఎక్కడో.

మరుసటి శనివారం ఆమె రాలేదు. నాకు శనగలు గుర్తొచ్చాయో, ఆమె ముఖమే గుర్తొచ్చిందో, నేనే వాళ్లింటికి పోయాను. ఆమె నేస్తోంది. అలికిన చోట ముగ్గు కూడా వేసి ఉంది. పిల్లను కదా, నేరుగా అడిగేశాను, అక్కా గుంట ఎందుకు పూడ్చినావు అని. ఆమెకు కోపం రాలేదు. అడిగినదాన్ని నేనొక్కదాన్నే కాబోలు, పోగును అటూ ఇటూ విసిరే నాడె ఆపి, నిదానంగా చెప్పింది.

"ఆయన గుంటలో దిగితే పాట పాడతా కాళ్లాడించేవాడు పాపా. పొద్దున లేస్తే ముందు ఆ గుంటే కనబడతాండె. ఉత్తగుంట. నాకు నెయ్యబుద్ధి కాకపాయె, అన్నం సయించకపాయె. అందుకని పూడ్చినా. వస్తే మళ్లీ తవ్వుకుంటాడు, మట్టే గదా."

నేను పరుగున వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ దీపానికి వత్తులు చేస్తోంది. మా అవ్వ చెడ్డది కాదు. కృత్తికకు ఉపవాసం ఉండి, గుమ్మంలోకి వచ్చినవాళ్లకు తన అన్నం పెట్టి పంపేది. నాకున్న భక్తి ఏదైనా ఉంటే ఆమె నుంచి వచ్చిందే. అన్నీ విని, వత్తి తొడ మీద పెట్టి దొర్లిస్తూ, "అడిగితే అట్లనే చెప్తాది పాపా, ఇంకెట్ల చెప్తాది?" అంది. చెప్పకపోతే దాస్తోందంటారు, చెబితే అట్లనే చెబుతుందంటారు.

ఇంక చదవనని తాత దగ్గర ఏడ్చాను. పత్రిక తేవద్దన్నాను. తాత మగ్గం గుంటలోంచి లేవకుండానే, దగ్గుతూ చెప్పాడు. "మనం ఆపితే మిగతా కత వాళ్లే అల్లుకుంటారు పాపా. చదివితే రాసినాయన ఇంకొక దారి చూపిస్తాడేమో. ఆ యమ్మ మంచిదని తేలితే ఈ యమ్మకు కూడా మంచిదే గదా." నాకు అది మంత్రంలా పట్టుకుంది. సుభద్ర మంచిదని తేలాలని నేను తిరుత్తణి స్వామికి మొక్కుకున్నాను. ఒక సీరియల్ ముగింపు కోసం దేవుడికి మొక్కిన దాన్ని లోకంలో నేను తప్ప ఇంకెవరైనా ఉంటారా అని తర్వాత నవ్వుకున్నాను కానీ, అప్పుడు నవ్వు రాలేదు. వారం వారం చదివాను. రాసినాయన దారి చూపించలేదు, ముడి బిగిస్తూ పోయాడు.

పడుగు సంగతి చెప్పకపోతే ఏం జరిగిందో తెలియదు. కొత్త పడుగుని మగ్గానికి ఎక్కించే ముందు తెల్లవారే వీధిలో గుంజలు పాతి సాగదీసి, గంజి పెట్టి, అది ఆరేలోపు పెద్ద కుంచెలతో రెండు పక్కలా దువ్వాలి. దువ్వుతూనే తెగిన పోగులు కలుపుకోవాలి. ఎండ ముదిరితే గంజి బిగిసి పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి, ఇంక ఆ పడుగు పనికిరాదు. ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. అందుకని మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. గుంజ పాతే చప్పుడు వినబడగానే ఇంటికొక మనిషి కుంచె పట్టుకుని బయటికి వచ్చేవాళ్లు. ఎవరూ ఎవరినీ పిలవరు. పిలిచి చేయించుకుంటే కూలిపని, పిలవకుండా వస్తే వీధి పని అని తాత అనేవాడు. ఒకరితో ఒకరికి పగ ఉన్న ఇళ్ల వాళ్లు కూడా పడుగు దగ్గర మాట్లాడుకోకుండా పక్కపక్కన దువ్వి వెళ్లిపోయేవాళ్లు.

ఒక ఉదయం మునెమ్మక్క గుంజలు పాతింది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చింది. ఇంకో చప్పుడు కోసం, తలుపుల చప్పుడు కోసం చూశాను. రాలేదు. బయటికి వచ్చి చూస్తే ఆమె ఒక్కతే పడుగు సాగదీసి, ఇటు కొస దగ్గర నిలబడి ఉంది. గంజి అప్పటికే పెట్టేసింది. అందరూ వస్తారనే పెట్టింది. వీధి పొడుగునా తలుపులు వేసే ఉన్నాయి, ఆ తలుపుల వెనుక జనం మేలుకునే ఉన్నారు. కామాక్షత్త ఇంట్లో పాలు పొంగిన వాసన కూడా వచ్చింది. తాత కుంచె తీసుకుని దిగాడు, నేను ఆయన వెనకే దిగాను. లోపలి నుంచి అవ్వ పిలిచింది, మంచులో దగ్గు ఎక్కువవుతుంది రమ్మని. తాత వెనక్కి చూడలేదు. మేం ముగ్గురం దువ్వాం. తాత నాలుగడుగులు వేస్తే దగ్గు వచ్చి ఆగేవాడు. నా చేతుల్లో ఆ పెద్ద కుంచె ఇమిడేదే కాదు. మునెమ్మక్క ఈ పక్క దువ్వి, చుట్టూ తిరిగి వెళ్లి ఆ పక్క దువ్వేది. ఎండ వచ్చేసింది. మా కళ్ల ముందే పడుగు అట్టలా బిగిసిపోయింది. ఏమీ చేయలేకపోయాం.

ఆమె ఏడవలేదు. ఎవరినీ తిట్టలేదు. లోపలికి పోయి కొడవలి తెచ్చి, ఆ కొసా ఈ కొసా పడుగు కోసేసింది. కుంచె కడిగి తాతకు ఇస్తూ, "నీకు పుణ్యముంటాది తాతా, పోయి వేణ్ణీళ్లు తాగు" అంది. తర్వాత రెండు మూడు రోజులకే తాళం వేసి, ఊత్తుకోట రోడ్డు మీద ఆమె తమ్ముడికి టీ అంగడి ఉందట, అక్కడికి పోయింది. బస్సు దాకా వెంట పోయింది తాత ఒక్కడే. మొగుణ్ణి చంపి పూడ్చింది కాబట్టే పారిపోయిందని వీధి అంది.

సీరియల్ ఆఖరి భాగం ఆ తర్వాత వచ్చింది. తాత పత్రికను నూలు కట్టలో దూర్చకుండా చేతిలోనే పట్టుకుని వచ్చాడు. దారిలో చదివేశాడు. ఆయన ముఖం చూస్తేనే నాకు తెలిసిపోయింది. సుభద్ర ఏ పాపం ఎరగదు. మొగుడు ఇంకో ఊళ్లో ఇంకో సంసారం పెట్టుకుని సుఖంగా ఉన్నాడు. పెరటి గదిలో సుభద్ర పూడ్చింది పుట్టగానే పోయిన తన బిడ్డ ఉయ్యాల. అది ఎవరికీ చెప్పుకోలేక, చూడలేక పూడ్చుకుంది. స్వామి నా మొక్కు విన్నాడనుకున్నాను. ఇప్పుడు వీళ్లంతా లేచి ఊత్తుకోట బస్సు ఎక్కుతారు, మునెమ్మక్కను తీసుకొస్తారు అనుకున్నాను. చదవడం అయ్యాక రాట్నాలు మళ్లీ మొదలయ్యాయి. కామాక్షత్త మాత్రం, ఇంతకాలం విన్నదంతా ఇందుకా అన్నట్టు మూతి తిప్పింది. అప్పుడు మా అవ్వ, నేను ప్రాణంగా చూసుకునే మా అవ్వ, కండె మారుస్తూ అంది.

"ఆడది గదా అని జాలిపడి అట్ల రాసినాడు. ఎంతైనా కత గదా."

అనుమానం ఉన్నంత కాలం అది కళ్లతో చూసి రాసిన నిజం. నిర్దోషి అని తేలిన వారం అది కథ. తాత అవ్వ వైపు చూసి ఏదో అనబోయి, దగ్గు వచ్చి, లేచి మగ్గం గదిలోకి పోయాడు.

కొన్నేళ్లకు ఆ ఇల్లు చేతులు మారి, కొన్నవాళ్లు పవర్ లూమ్ పెట్టడానికి పునాది తవ్వించారు. వీధంతా పని మానుకుని చూడటానికి పోయింది. ఎర్రమట్టి, మట్టి కింద విరిగిన నాడె ముక్క, అంతే. ఎవరి ముఖంలోనూ సిగ్గు కనబడలేదు. ఆశపడి వచ్చి ఏమీ దొరకనివాళ్ల ముఖాల్లా ఉన్నాయి. ఆమె మొగుడు ఏమయ్యాడో మాకు ఎప్పటికీ తెలియలేదు.

ఆమెను మళ్లీ ఒక్కసారే చూశాను. పెళ్లయి, మా అమ్మాయి చంకలో ఉన్నప్పుడు, ఆడికృత్తిక పండుగకు తిరుత్తణి కొండెక్కుతున్నాను. భుజాల మీద మొక్కు కావళ్లు, పసుపు బట్టలు, అరోహరా కేకలు. మెట్ల పక్కన నీడలో తలనీలాలు ఇచ్చి, గుండు మీద గంధం పూసుకుని కూర్చున్న ఒకామె నన్ను పాపా అని పిలిచింది. గొంతును బట్టి గుర్తుపట్టాను. బిడ్డను ఎత్తుకుని ముద్దాడింది. తమ్ముడి అంగట్లో ఇడ్లీ పోస్తున్నానని చెప్పింది. తాత పోయాడని చెబితే కళ్లు మూసుకుని కొండ వైపు దండం పెట్టింది. వీధి గురించి ఒక్క మాట అడగలేదు. నేను లేవబోతుంటే కొంగు పట్టుకుని ఆపింది.

"ఆ కత కడాకి ఏమాయె పాపా? ఆ యమ్మ చేసిందా, చెయ్యలేదా?"

ఇన్నేళ్లూ ఆమెకు అదే మిగిలిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. సుభద్ర కోసం కళ్లు తుడుచుకున్న మనిషి కదా. చెయ్యలేదక్కా, ఏ పాపం ఎరగదు, అన్నాను. ఉయ్యాల సంగతి చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. సొంత చెల్లెలికి మేలు జరిగినట్టు సంతోషపడింది. ఆ తర్వాత, బిడ్డ నుదుటి మీద విభూతి సర్దుతూ, మెల్లిగా అడిగింది.

"మన వీధోళ్లు నమ్మినారా?"

పై నుంచి కావళ్ల గుంపు దిగుతోంది, పక్కకు జరగాల్సి వచ్చింది. జరిగాను. ఆమె ఇంక అడగలేదు. దోసిలి నిండా వేయించిన శనగలు తీసి నా కొంగులో పోసింది.

నిన్న సాయంత్రం నిత్యను అడిగాను. "మా వీధిలో అట్లాంటి ఆమె ఉంది" అని రాశారే, వాళ్లు ఏ ఊరివాళ్లో అడగమన్నాను. అడిగి ఏం చేస్తావు అవ్వా అని నవ్వింది. ఏం చేస్తానో నాకూ తెలియదు. ఒక్కసారి పోయి ఆమె గడప దగ్గర కూర్చుని రావాలనిపించింది, తాత కుంచె పట్టుకుని దిగినట్టు. నిత్య ఫోను అటూ ఇటూ జరిపి చూసింది. పేరు లేదు, ఊరు లేదు, ఒక పువ్వు బొమ్మ మాత్రమే ఉందంది. వచ్చే వారం ఆఖరి భాగమట. టీచరమ్మ చెయ్యలేదనే తేలుతుందని నిత్య నమ్మకం. మంచిది తల్లీ అన్నాను. నా పిండి చేటను, తాతను, ఈ పిల్లను ఇచ్చిన స్వామికి కనకాంబరాల దండ వేయించి, ఆ పేరు తెలియని వీధిలో ఉన్నామె కోసం ఇంకేమీ చేతకాక దండం పెట్టుకున్నాను. ఈ పొద్దున ఆమె తలుపు తీసినప్పుడు ఎదురింటివాళ్లు పలకరించారో లేదో.